భార్య పేర వెలువడిన జీవిత చరిత్ర

జీవిత చరిత్ర రాసేవారికీ, కథానాయకునికీ నడుమ కొంత దూరముండాలని విమర్శకులు భావిస్తారు. భార్యయే రచయిత్రి అయినప్పుడు ఆ దూరం ఉండదు. ఇతరులకు అందని ఉత్తరాలు, దినచర్యలు ఆమెకు అందుతాయి. వాటిలో ఏది దాచాలో నిర్ణయించే అధికారమూ ఆమెదే.

ఆంగ్ల నవలాకారుడు, కవి థామస్ హార్డీ (1840-1928) విషయంలో ఈ చిక్కు విచిత్రమైన రూపం ధరించింది. ఆయన మరణానంతరం 1928, 1930 సంవత్సరాలలో రెండు సంపుటాల జీవిత చరిత్ర రెండవ భార్య ఫ్లోరెన్స్ పేర వెలువడింది. లోకం దానిని భార్య సాక్ష్యంగా స్వీకరించింది. వాస్తవానికి అందులో అధిక భాగం హార్డీ స్వయంగా, ప్రథమ పురుషలో, రహస్యంగా రాసుకున్నదే! ఆ పుటలను ఫ్లోరెన్స్ టైపు చేసేవారు. పిదప రాతప్రతిని తగులబెట్టేవారు. టైపు ప్రతిపై దిద్దుబాట్లను సైతం హార్డీ తన దస్తూరిని ఇతరులు పోల్చుకోలేని విధంగా మార్చి రాసేవారు. ఆత్మకథ అని పేరు పెట్టి ఉంటే పాఠకులు జాగ్రత్తగా చదివేవారు. అట్టి జాగ్రత్తకు ఇక్కడ తావు లేకపోయింది.

అయితే ఫ్లోరెన్స్ కేవలం లేఖకురాలు కారు. భర్త మరణించాక చివరి అధ్యాయాలను ఆమెయే సమకూర్చారు. మొదటి భార్య ఎమ్మా ప్రస్తావనలు కొన్నింటిని, విమర్శకులపై హార్డీ చూపిన ఆగ్రహాన్ని కొంత తొలగించారు. 1912లో ఎమ్మా మరణించిన పిమ్మట ఆమెను స్మరిస్తూ హార్డీ రాసిన కవితలు సుప్రసిద్ధాలు. కనుక రెండవ భార్య మనసు అర్థం కానిది కాదు. చరిత్రకు మాత్రం అది నష్టమే.

రిచర్డ్ పర్డీ 1954లో ఈ రచనా రహస్యాన్ని సవివరంగా నిరూపించారు. 1984లో మైకేల్ మిల్‌గేట్ టైపు ప్రతుల ఆధారంగా హార్డీ ఉద్దేశించిన పాఠాన్ని పునర్నిర్మించి, ఫ్లోరెన్స్ మార్పులను విడిగా చూపారు. ఆ ముద్రణలో గ్రంథకర్తగా థామస్ హార్డీ పేరే ఉన్నది.