తలనూనెకు తగిన సీసా

నేడు మన గ్రామములలో స్వయం సహాయక సంఘముల స్త్రీలు గుంటగలగరాకు, మందారము, గోరింటాకు మొదలగువాటితో తలనూనె కాచి సంతలలో విక్రయించుచున్నారు. సరకు మంచిదే. కాని కొంతకాలమునకు నూనె రంగు మారి, ముక్కవాసన వేసినచో కొనినవారు మరల ఆ వంక చూడరు. అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి పోవుటయే గాక, ఊరి సరకునకు చెడ్డపేరు వచ్చును. ఈ నష్టమునకు గల కారణములలో సీసా ఒకటి. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును గ్రహించి సంఘములకు తగిన సలహా నొసంగవలెనని మా మనవి.

నూనెకు శత్రువులు నాలుగు: వెలుతురు, గాలి, వేడి, తడి. వెలుతురులోని అతినీలలోహిత కిరణములును, నీలికాంతియు నూనె గాలిలోని ఆమ్లజనితో త్వరగా కలియునట్లు చేయును. ఆకుపసరు దిగిన నూనె మరింత త్వరగా చెడును. పసరులోని పత్రహరితము వెలుతురును గ్రహించి ఈ చర్యను హెచ్చించును. తెల్లగాజు సీసా వెలుతురును చాలవరకు లోనికి పోనిచ్చును. వర్తకులు అంబర్ సీసా అని పిలుచు గోధుమరంగు సీసా 450 నానోమీటర్లకు తక్కువైన కిరణములను చాలవరకు ఆపివేయును. మందుల దుకాణములలో మనము చూచునది ఇదియే. గాజును కరిగించునపుడే ఇనుము, గంధకము, బొగ్గు చేర్చుటచే ఆ రంగు వచ్చును. ఎరుపు వెలుతురును, వేడిని మాత్రము ఇది ఆపజాలదు. కావున ఈ సీసాలను సైతము నీడపట్టుననే ఉంచవలెను.

అన్ని సరకులకును ఈ సీసా అక్కరలేదు. సున్నిపిండికి తడి తగులని డబ్బా చాలును. ఏమియు కలపని కొబ్బరినూనెలో నూటికి సుమారు 90 పాళ్లు సంతృప్తమైన కొవ్వగుటచే అది నెమ్మదిగా చెడును. సుమారు 24 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగువన అది గడ్డకట్టును గనుక, చలికాలమున దానికి వెడల్పు మూతిగల సీసా అనుకూలము. ఆకుల నూనెకు, సుగంధ తైలములు కలిపిన నూనెకు మాత్రము రంగుసీసా కొనుట లాభకరము. పెద్దసీసాకంటె చిన్నది మేలు. సగము వాడిన పెద్దసీసాలో గాలి నిండి నూనెను చెరచును.

కొనునపుడు సీసా అడుగున మేకుతో గీచి చూడవలెను. రంగు రాలినచో అది పైపూత మాత్రమే. నీరు పోసి, మూత బిగించి తలక్రిందులుగా నుంచినచో మూత బిగువు తెలియును. సీసాలను కడిగి, పూర్తిగా ఆరిన పిదపనే నూనె నింపవలెను.

పాత పురుగుమందు సీసాలను, ఎంత కడిగినను, ఎన్నడును వాడరాదు. విషము మిగిలియుండుటయే గాక, ఒకే తీరున్న సీసాలు ఇంట నున్నచో పొరపాటు ప్రాణములమీదికి తెచ్చును.

సౌందర్య సాధనములను విక్రయమునకై తయారుచేయువారు 2020 నాటి సౌందర్య సాధనముల నిబంధనల ప్రకారము లైసెన్సు పొందవలెను. సీసాపై అంటించు చీటీలో సరకు పేరు, తయారుచేసినవారి చిరునామా, వాడిన పదార్థములు, పరిమాణము, గడువు, ధర స్పష్టముగా నుండవలెను. ఈ పనులలో సంఘములకు తోడ్పడుట సభ్యుల విధి.

సందేహమున్నచో ఒకే కాపు నూనెను తెల్లసీసాలో నొకటి, రంగుసీసాలో నొకటి నింపి, వెలుతురు తగులు ఒకే బల్లపై కొన్ని వారములు ఉంచుడు. పిమ్మట సంఘ సమావేశమున రెండింటిని విప్పి అందరిచేతను వాసన చూపించుడు. ఏ సీసా కొనవలెనో సంఘము తానే నిర్ణయించుకొనును.