ఆంగ్ల లేఖన పాఠము: పెద్దబడి ఎక్కడ, చిన్నబడి ఎక్కడ?

మన తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అను భేదము లేదు. మనము స్థిరపడిన సీమలలోని మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా లిపులలోను లేదు. ఇంగ్లీషులో మాత్రము ప్రతి అక్షరమునకు రెండు రూపములు గలవు. అందువలన బిల్లులు, ఉత్తరములు వ్రాయునపుడు మన కుటుంబములలో కొందరు అన్నియు పెద్దబడిలో వ్రాయుదురు. సెల్‌ఫోనునకు అలవాటుపడిన పిల్లలు అన్నియు చిన్నబడిలో వ్రాయుదురు. రెండును సరికాదు. చదువువారెవరు, ఎందుకు చదువుదురు అని చూచి వ్రాయవలెను.

1. దరఖాస్తులు: పాన్ కార్డు, బ్యాంకు దరఖాస్తులలో గడికొక్క అక్షరముగా అంతయు పెద్దబడిలో నింపవలెను. చేతివ్రాత అక్షరములు ఒకదానితో నొకటి కలసిపోకుండుటకే ఈ నియమము. జి.ఎస్.టి. సంఖ్యలోని 15 స్థానములలోను, బ్యాంకు ఐ.ఎఫ్.ఎస్.సి.లోని 11 స్థానములలోను వచ్చు అక్షరములను పెద్దబడిలోనే వ్రాయుదురు. ఐ.ఎఫ్.ఎస్.సి.లో అయిదవది సున్న; దానిని ‘ఓ’ అక్షరముగా వ్రాయరాదు. బడి మారినంత మాత్రమున పేరు మారదు. కాని ఒకచోట ఒక ‘ఏ’, మరియొకచోట రెండు ‘ఏ’లు వ్రాసినచో చిక్కు వచ్చును. పేరు అన్నిచోట్ల ఒకే విధముగా నుండవలెను.

2. ఉత్తరములు: వాక్యపు మొదటి అక్షరము, మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, వారములు, నెలలు, ‘నేను’ అను అర్థమిచ్చు ‘ఐ’ – వీనికే పెద్దబడి. నూలు, చీర, రంగు వంటి సామాన్య పదములకు చిన్నబడి చాలును. బాకీపడిన వ్యాపారికి అంతయు పెద్దబడిలో వ్రాసినచో, మర్యాదగా అడిగిన మాటయు కేకవేసినట్లుండును. రావలసిన పైకము రాకపోగా, ఉన్న బేరమును పోవచ్చును.

3. శీర్షికలు, చీటీలు: దుకాణపు పేరులోను, సరకు పేరులోను ముఖ్య పదముల మొదటి అక్షరము పెద్దది. నడుమ వచ్చు ‘ఆఫ్’, ‘అండ్’ వంటివి చిన్నవి. షోలాపూర్ చద్దర్, పోచంపల్లి ఇకత్ అనునవి భౌగోళిక గుర్తింపు పొందిన పేర్లు గనుక రెండు పదములకును పెద్ద అక్షరము ఉంచవలెను.

4. కొలతలు: ఇచట మన ఇష్టము చెల్లదు. మీటరునకు చిన్న ‘ఎమ్’. పెద్ద ‘ఎమ్’ పది లక్షల రెట్లను తెలుపు గుర్తు. కిలోగ్రామునకు ‘కె’, ‘జి’ రెండును చిన్నవే. నూలు మెట్రిక్ కౌంటునకు పెద్ద ‘ఎన్’, చిన్న ‘ఎమ్’. రెండును చిన్నవైనచో అది నానోమీటరగును! ఇంగ్లీషు కౌంటునకు పెద్ద ‘ఎన్’, చిన్న ‘ఇ’.

5. ఈ-మెయిలు, పాస్‌వర్డు: ఈ-మెయిలు చిరునామాను చిన్నబడిలో వ్రాయుట వాడుక. పాస్‌వర్డులో మాత్రము ఒక్క అక్షరము బడి మారినను తలుపు తెరువబడదు.

అభ్యాసము: ఇంటిలోని పాత బిల్లు నొకదానిని తీసి, పిల్లలచేత పై నియమముల ప్రకారము దిద్దించుడు. పడుగులో తెగిన పోగును నేయకముందే ముడివేయుదుము గదా! వ్రాతలోని తప్పును గూడ ఉత్తరము పంపకముందే దిద్దుకొనుట మేలు.