గేటు ఎవరిది, జీతం ఎవరిది

అంకులి, బరంపురం



మేనల్లుడా గణేశ్, నీ వాయిస్ మెసేజి రెండుసార్లు విన్నాను. వెనకాల మగ్గాల మోతలో సగం మాటలు కొట్టుకుపోయాయి. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. నీకు సూరత్‌కు ఇక దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేద్దామని ఉంది. బరంపురంలో ఒక సర్కారు ఆఫీసులో సెక్యూరిటీ గార్డు ఖాళీలున్నాయని ఎవరో చెప్పారు. ఆ చెప్పినాయనే ముప్పై వేలు చేతిలో పెడితే లోపలివాళ్ళతో మాట్లాడి పని చేయిస్తానన్నాడు. ఫోన్లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావని రాస్తున్నాను. ఆదివారం మెస్సులో భోజనం అయ్యాక తీరిగ్గా చదువుకో.

ముందు ఆ ముప్పై వేలు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. ఆయన చెప్పే లోపలివాళ్ళు ఎవరో నాకు తెలుసు, రిటైరయ్యేదాకా బడబాబుగా, అంటే హెడ్ క్లర్కుగా, ఆ లోపల కూర్చున్నది నేనే కదా. గార్డుల ఏజెన్సీ బిల్లు నెల నెలా నా బల్ల మీదుగానే పోయేది. ఫలానావాణ్ణి పెట్టుకోండని ఆఫీసు చెప్పదు. గేటుకు ఇంతమంది, రాత్రికి ఇంతమంది అని లెక్క కట్టి టెండరు పిలుస్తుంది, ఈమధ్య అయితే సర్కారు కొనుగోళ్ళ జెమ్ పోర్టల్లో పిలుస్తున్నారు. పాట దక్కించుకున్న ఏజెన్సీ తన మనుషుల్ని పంపుతుంది. నెలాఖరున బిల్లుతో వచ్చే పట్టీల్లో తప్ప నీ పేరు ఆఫీసు కాగితాల్లో ఎక్కడా కనపడదు. అలాంటప్పుడు లోపల మాట్లాడేదేముంది? ఆ డబ్బు అడిగినవాడు ఏజెన్సీ సూపర్‌వైజర్ మనిషి అయినా అయి ఉండాలి, ఎవరికీ ఏమీ కాని గాలిమనిషి అయినా అయి ఉండాలి. ఎవరైనా సరే, దాదాపు మూడు నెలల జీతం చేరకముందే తినేసినట్టు. రేపు టెండరు ఇంకో ఏజెన్సీకి పోతే మళ్ళీ కొత్తవాడు వచ్చి చెయ్యి చాపుతాడు.

నేను నీకు చెప్పదలచుకున్న అసలు మాట కూడా ఇక్కడే ఉంది. నువ్వు నిలబడే గేటు ప్రభుత్వానిది. నీ జీతం, నీ సెలవు, నీ ఉద్యోగం ఏజెన్సీవి. ఖాకీరంగు గోడ, అశోక స్తంభం బోర్డు, లోపలికొచ్చే అయ్యవారి కారు చూసి మనవాళ్ళు దీన్ని సర్కారు నౌకరీ అనుకుంటారు. మీ అమ్మ అయితే ఇప్పటికే వీధిలో నలుగురికి చెప్పేసింది, సంబంధాలు కూడా వాకబు చేస్తోంది.

ఎప్పటికైనా పర్మినెంటు అవుతుందనీ అనుకోకు. 2022 అక్టోబరులో అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ కాంట్రాక్టు నియామకాల పద్ధతే ఎత్తేస్తున్నామని ప్రకటించారు. యాభై ఏడు వేల పైచిలుకు మంది రెగ్యులర్ అయ్యారు. ఆ వారం మా గేటు కుర్రాళ్ళు ముగ్గురు, డ్యూటీ దిగి, యూనిఫాం పైన తువ్వాలు కప్పుకుని నా బల్ల ముందుకొచ్చారు. "బాబూ, మా పేర్లు ఎప్పుడు వస్తాయి?" అని ఒకడు ఒడియాలో అడిగాడు. ఆ ఉత్తర్వు ప్రభుత్వం తానే కాంట్రాక్టు మీద పెట్టుకున్నవాళ్ళకు. వీళ్ళు అవుట్‌సోర్సింగ్, ఏజెన్సీ మనుషులు. ఆ తేడా వాళ్ళకు చెప్పడానికి నాకు నోరు రాలేదు గానీ చెప్పక తప్పలేదు. కోర్టుల సంగతీ అంతే. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తాత్కాలికంగా చేరినవాడికి పర్మినెంటు హక్కు దానంతట అది రాదని తేల్చేసింది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళను రెగ్యులర్ చేయమంది నిజమే, కానీ వాళ్ళను ఆఫీసే నేరుగా పెట్టుకుంది. నీకూ ఆఫీసుకూ మధ్య ఏజెన్సీ ఉంటుంది. పదేళ్ళు గేటు కాస్తే ఏదో ఒకరోజు లోపలికి తీసుకుంటారన్న ఆశతో మాత్రం చేరకు.

మరి చేరొద్దంటావా మామా అంటావేమో. చేరమనే అంటాను. పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడి, పగలూ రాత్రీ వంతులేసుకుని ఒకే చాప మీద పడుకునే బతుకు కన్నా ఇది మేలు. మొదట్లో చేతికొచ్చే డబ్బు తక్కువ ఉండొచ్చు. అయితే అంకులి నుంచి సైకిల్ మీద డ్యూటీకి పోయి ఇంటన్నం తింటావు. 2020 మేలో శ్రామిక్ రైళ్ళు గంజాం వాళ్ళను సూరత్ నుంచి తెచ్చి జగన్నాథపూర్ స్టేషన్లో దింపినప్పుడు మీ అమ్మ పడ్డ ఆరాటం నాకు గుర్తుంది. ఇంటి దగ్గర ఉండటానికి కూడా ఒక విలువ ఉంది, దాన్ని జీతంలో కలిపి లెక్కేసుకో. చేరడం మాత్రం కళ్ళు తెరుచుకుని చేరు.

ఇక అర్హతలు. ప్రైవేటు గార్డులకు 2005లో కేంద్రం ఒక చట్టం చేసింది, దాన్ని పసారా అంటారు. లైసెన్సు లేనిదే ఏజెన్సీ నడపకూడదు. గార్డుకు పద్దెనిమిది నుంచి అరవై ఐదేళ్ళ లోపు వయసుండాలి, పోలీసు వెరిఫికేషన్ కావాలి. నువ్వు కొన్నేళ్ళుగా సూరత్‌లో ఉన్నావు కాబట్టి అక్కడి చిరునామా కూడా అడగవచ్చు, దాచకు. నిబంధనల ప్రకారం మగవాడికి ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 80, గాలి పీలిస్తే ఇంకో నాలుగు పెరగాలి. నీకు వీటి బెంగ లేదు. నా బెంగంతా నీ చెవుల మీద. మనిషి మాటా, అలారం మోతా స్పష్టంగా వినపడాలని నిబంధనల్లోనే ఉంది. ఇన్నేళ్ళు మగ్గాల మోతలో ఉండి ఇప్పుడు ఫోన్లో కూడా అరిచి మాట్లాడుతున్నావు. రాగానే మన ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో చెవుల డాక్టరుకు చూపించుకుందాం. రంగులు కూడా సరిగ్గా గుర్తుపట్టాలి, అది ఎలాగూ చీర అంచు చూసే నీ కంటికి కష్టం కాదు.

శిక్షణ ఇంకో ముచ్చట. తరగతిలో వంద గంటలు, బయట అరవై గంటలు, కనీసం ఇరవై పనిదినాలు ఇవ్వాలని నిబంధన. చాలాచోట్ల యూనిఫాం ఇచ్చి, విజిల్ ఇచ్చి, మరునాడే గేటు దగ్గర నిలబెడతారు. నువ్వు అడుగు. సర్టిఫికెట్ లేకుండా శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టమంటే ఆగు. మంటలార్పే సిలిండర్ పిన్ను ఎటు లాగాలో తెలియనివాడు రాత్రి డ్యూటీలో తనకూ ప్రమాదమే, ఆఫీసుకూ ప్రమాదమే.

అన్నట్టు, ఆ ఆఫీసు రాష్ట్ర ప్రభుత్వానిదా, కేంద్రానిదా కనుక్కో. కేంద్ర సంస్థల్లో చాలావాటికి సైనికుల పునరావాస డైరెక్టరేట్ ద్వారా మాజీ సైనికుల ఏజెన్సీలే వస్తాయి, గోపాల్‌పూర్ పక్కనే ఉన్న మన ఊళ్ళో మాజీ సైనికులకు కరువు లేదు. చట్టం కూడా వాళ్ళకు ముందు వరస ఇచ్చింది. అక్కడ నీ వంతు రావడం కష్టం.

డబ్బు లెక్క జాగ్రత్తగా చదువు. ఉదాహరణకు జీతం పన్నెండు వేలు అనుకో. పీఎఫ్‌కు నీ వాటా పన్నెండు శాతం, 1,440 రూపాయలు. ఈఎస్‌ఐకి ముప్పావు శాతం, 90 రూపాయలు. చేతికి 10,470 రావాలి. ఏజెన్సీ తన వాటా విడిగా కట్టాలి, నీ జీతంలోంచి రెండు వాటాలూ కోస్తే అది దోపిడీ. యూనిఫాం ఖర్చు, "ఆఫీసు ఖర్చు" అని ఇంకేదైనా కోస్తే కాగితం మీద చూపించమను. నా బల్ల మీదికొచ్చే బిల్లుకు జీతాల పట్టీ, పీఎఫ్ చలానా, బ్యాంకు జాబితా జతచేసి ఉండేవి. ఒక ఏజెన్సీ పట్టీలో ఇరవై ఆరు డ్యూటీలకు పూర్తి జీతం ఉండేది. బ్యాంకులో పడగానే సూపర్‌వైజర్ గేటు పక్క టీ కొట్టు దగ్గర కూర్చుని ఒక్కొక్కరి దగ్గరా కొంత నగదు వెనక్కి తీసుకునేవాడు. కాగితం మీద అంతా శుభ్రం! అలా వెనక్కి అడిగితే ఎవరు, ఎంత, ఏ తేదీ అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకో. ఏటీఎం కార్డు, పిన్ను ఎవరికీ ఇవ్వకు. జీతం ఏజెన్సీ ఎగ్గొడితే కట్టే బాధ్యత అసలు యజమాని మీద, అంటే ఆ ఆఫీసు మీద పడుతుందని కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే చెప్పింది. ఈ ఒక్క ముక్క మా గార్డుల్లో ఎవరికీ తెలిసేది కాదు.

ఏజెన్సీలు మారుతుంటాయి, మనుషులు అదే గేటు దగ్గర ఉంటారు. అందుకని పీఎఫ్‌కు ఒకే యూఏఎన్ నంబరు పట్టుకుని ఉండు, కొత్తవాడు కొత్త నంబరు తీస్తానంటే వద్దను. గ్రాట్యుటీ దగ్గర ఎలాగూ పేచీ వస్తుంది, ప్రతి ఏజెన్సీ నువ్వు నిన్నే చేరావంటుంది. అపాయింట్‌మెంట్ లెటర్ అడిగి తీసుకో. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, వాటిలో ప్రతి కార్మికుడికీ ఆ లెటర్ ఇవ్వాలని ఉంది. అడగడానికి మొహమాటపడకు. వి.వి. గిరిగారు పుట్టింది మన బరంపురంలోనే. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారాయన. ఆ ఊరివాడివి, ఒక జీతం చీటీ అడగడానికి భయమెందుకు?

డ్యూటీ గురించి కూడా నాలుగు ముక్కలు. గార్డు అంటే కర్ర పట్టుకుని నిలబడటం అనుకుంటారు. నేను చూసినంతలో మంచి గార్డు చేతిలో ఎప్పుడూ పెన్ను ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన, యాభై దాటినవాడు, రాత్రి రిజిస్టరులో ఇలా రాశాడు: "2.10, రికార్డు రూము వెనక కిటికీ గొళ్ళెం ఊడి ఉంది. జేఈ గారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. 2.25, మళ్ళీ చేశాను, ఎత్తలేదు. కిటికీకి తాడు కట్టాను." ఒడియాలో, వంకర అక్షరాలతో. పది రోజుల తర్వాత ఆ గదిలోంచి ఏసీ రాగి పైపులు పోయాయి. అందరూ గార్డు మీదికే వెళ్ళారు. ఆ మూడు లైన్లు చూపించాక ప్రశ్న గొళ్ళెం ఎందుకు బాగు చేయించలేదన్న దగ్గరికి మళ్ళింది, ఆయన ఉద్యోగం నిలబడింది.

నువ్వు ఒడియా గలగలా మాట్లాడతావు గానీ రాయడం మెట్రిక్ తర్వాత వదిలేశావు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సూరత్‌లో హిందీ. మూడూ నోటి భాషలే అయిపోయాయి నీకు. ఇప్పటి నుంచి రోజూ ఒక పేజీ ఒడియా రాయి. రిజిస్టరుకే కాదు, ఒడిశాలో ఏ పర్మినెంటు పోస్టుకు పోవాలన్నా ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. తెలుగు వచ్చినందుకు చిన్నబుచ్చుకోకు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి పనిమీద వచ్చిన ముసలివాళ్ళు గేటు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడితే వాళ్ళ భాషలో దారి చెప్పగలవాడివి నువ్వే.

ఇంకో చిక్కు ఉంది. ఎవరో ఒక దొరగారు కూరగాయలు తెచ్చిపెట్టమంటారు, పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురమ్మంటారు. మొదటిసారి గౌరవంగానే "రిలీవర్ వచ్చాక వెళ్తానండీ" అను. గేటు వదిలి వెళ్ళిన అరగంటలో ఏదైనా జరిగితే పంపినాయన గుర్తుండడు, లేనివాడివి నువ్వే అవుతావు. పన్నెండు గంటలు చేయమంటే ఎనిమిది దాటినవాటికి రెట్టింపు రేటు రావాలి. ఎక్కడా పూర్తిగా ఇస్తున్నట్టు నేను చూడలేదు, అయినా నీ నోటు పుస్తకంలో గంటలు రాసుకో. వీలైతే రాత్రి షిఫ్టు అడుగు, పగలు చదువుకోవచ్చు. హోంగార్డు, పోలీసు, జైలు వార్డరు నోటిఫికేషన్లు చూస్తూ ఉండు. పరుగూ అలవాటు చేసుకో, రంగైలుండా వైపు పొద్దున్నే పరుగెత్తే కుర్రాళ్ళు బోలెడుమంది ఉంటారు. గేటు దగ్గర మూడు నాలుగేళ్ళకు మించి ఉండిపోతే మాత్రం నాకు నచ్చదు, ఇప్పుడే చెబుతున్నాను.

ఆ ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు అడిగి నాకు పంపు. నంబరు చెప్పడానికి నసిగితే ఆ మాట అక్కడితో వదిలేద్దాం. నీ మెట్రిక్ సర్టిఫికెట్ మీ అమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతల కింద ఉంది. రేపు వెళ్ళి తెచ్చి జెరాక్సులు తీయించి ఉంచుతాను. ఏజెన్సీవాడు ఒరిజినల్ తన దగ్గరే ఉంచుకుంటానంటే ఒప్పుకోవద్దు. చూపించి, జేబులో పెట్టుకుని వచ్చేయి.

అత్తయ్య నిన్ను అడిగింది. రైలు టికెట్ తీసుకోగానే తేదీ చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య