పెద్దరికం అంటే ఏమిటి?

ఇంట్లో నాన్న పెద్ద. ఊళ్ళో సర్పంచి పెద్ద. బడిలో పంతులు పెద్ద. మరి పెద్దరికం అంటే ఏమిటి? గట్టిగా అరవడమా? ఎదుటివాళ్ళ నోరు మూయించడమా?

మన వైపు పుట్టిన ఒక పంతులుగారి సంగతి చదవండి.

ఆయన పేరు గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. ఇప్పుడు అది ఒడిశాలో ఉంది.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాష వేరు. కొండవాళ్ళంటే చాలామందికి చులకన. రామమూర్తిగారు అలా చూడలేదు. తెలుగు వచ్చిన ఒక సవరను తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆయన దగ్గర సవర భాష నేర్చుకున్నారు.

చూశారా! అక్కడ పంతులుగారు శిష్యుడయ్యారు. సవర మనిషి గురువయ్యారు. "నీకు తెలిసింది నాకు నేర్పు" అని అడగడం చిన్నతనం కాదు. అదే పెద్దరికం.

తరువాత ఆయన సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు. సవర పిల్లలకు సవర మాటల్లోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఆయనకు డబ్బు ఇవ్వబోయింది. ఆయన పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. ఆయన కొడుకు సీతాపతిగారు కూడా సవర భాష మీద పని చేశారు.

ఆ రోజుల్లో తెలుగు పుస్తకాలు పండితుల భాషలో ఉండేవి. అవి మామూలు జనానికి అర్థం అయ్యేవి కావు. జనం మాట్లాడే మాటలోనే పుస్తకాలు ఉండాలని రామమూర్తిగారు పోరాడారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. విజయనగరం గురజాడ అప్పారావుగారు కూడా ఈ దారిలోనే నడిచారు. రామమూర్తిగారు 1940లో చనిపోయారు. ఆయన పుట్టినరోజే మనకు తెలుగు భాషా దినోత్సవం.

మీరు ఇప్పుడు చదివిన మాటలు మీరు మాట్లాడే మాటలే. మీ మాటకు విలువ ఉంది.

ఇక మన ఇళ్ళ సంగతి చూడండి. "నీకేం తెలుసు, ఊరుకో" అంటారు. ఆ మాట పదిసార్లు విన్న పిల్ల పదకొండోసారి నోరు విప్పదు. విత్తనాలు దాచడం ఆడవాళ్ళకు తెలుసు. ఆవు ఎందుకు మేత ముట్టలేదో తెలుసు. ఇంటి అప్పు ఎంతో తెలుసు. అయినా అడిగేవాళ్ళు తక్కువ.

"నువ్వేమంటావమ్మా?" అని నాన్న అడిగితే కూతురికి ధైర్యం వస్తుంది. "అప్పా, నువ్వు చెప్పు" అని గ్రామసభలో సర్పంచి అడిగితే వెనక కూర్చున్న ఆమె ముందుకు వస్తుంది.

అమ్మలూ, అత్తలూ కూడా పెద్దలే. కోడలిని అడగండి. చిన్న కూతురిని కూడా అడగండి. అడిగి ఊరుకోకండి. మంచి మాట చెబితే, అది ఎవరు చెప్పారో నలుగురికీ చెప్పండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. రామమూర్తిగారు సవర భాష ఎవరి దగ్గర నేర్చుకున్నారు?
2. ప్రభుత్వం ఇవ్వబోయిన డబ్బును ఏం చేయమన్నారు?
3. మీ ఇంట్లో మీ మాట ఎవరు అడుగుతారు? మీరు ఎవరి మాట అడుగుతారు?