షీట్ ఎర్రర్ చూపించదు, తప్పు అంకె చూపిస్తుంది

ఖతార్‌లో టైమ్‌కీపర్‌గానో, సైట్ అడ్మిన్‌గానో, హెచ్ఆర్ అసిస్టెంట్‌గానో చేస్తున్న మనవాళ్లకు రోజూ ఒకే రకం ప్రశ్న వస్తుంది. రాస్ లఫాన్ సైట్‌లో డ్యూటీలో ఉన్న స్కాఫోల్డర్లలో వచ్చే 30 రోజుల్లో ఎంతమంది క్యూఐడీ (ఖతార్ రెసిడెన్సీ కార్డు) గడువు అయిపోతుంది? మేనేజర్‌కు మీటింగ్‌లోకి వెళ్లేలోపు అంకె కావాలి. ఫిల్టర్ పెట్టి, కింద కనిపించే కౌంట్ చూసి చెప్పేస్తే ఒకసారికి గడుస్తుంది. ప్రతి వారం అడిగే లెక్కకు ఫార్ములా రాసి పెట్టుకోవడమే మేలు. నిన్న ఎవరో పెట్టి తీయడం మరిచిపోయిన ఫిల్టర్ ఇవాళ మీ లెక్క చెడగొడుతుంది.

ఎక్సెల్‌లో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్‌కు ఒక్క షరతే. ఎక్సెల్ 2007 నుంచి ఉన్న కౌంట్‌ఇఫ్స్‌కు 127 దాకా షరతులు ఇవ్వొచ్చు. అన్నీ కుదిరిన రోనే లెక్కపెడుతుంది. పై ప్రశ్నకు ఫార్ములా ఇది, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి:

=కౌంట్‌ఇఫ్స్(డి2:డి900,"రాస్ లఫాన్",సి2:సి900,"స్కాఫోల్డర్",ఎఫ్2:ఎఫ్900,"యాక్టివ్",ఈ2:ఈ900,">="&టుడే(),ఈ2:ఈ900,"<="&టుడే()+30)

తేదీ షరతులో కోట్స్‌లో ఉండాల్సింది గుర్తు మాత్రమే. టుడేను కూడా కోట్స్‌లో పెడితే జవాబు సున్నా వస్తుంది. ఒక రేంజ్ 900 దాకా, ఇంకోటి 950 దాకా ఇస్తే వాల్యూ ఎర్రర్ వస్తుంది. అది వస్తే సంతోషించండి, తప్పు ఉందని షీటే చెప్పింది కదా. మిగతా తప్పులు చెప్పవు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీసేది తేదీ. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే 05/07/2025 అన్నది మే 7 అయి కూర్చుంటుంది. 25/07/2025 తేదీయే కాదు, టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. టెక్స్ట్‌గా మిగిలినదాన్ని ఏ ">=" షరతూ లెక్కలోకి తీసుకోదు. కాబట్టి తేదీలున్న ఈ కాలమ్‌కు కౌంట్ ఒక సెల్‌లో, కౌంట్ఏ పక్క సెల్‌లో వేసి చూడండి. ఎంత తేడా వస్తే అన్ని తేదీలు టెక్స్ట్‌గా ఉన్నట్టే. వాటిని టెక్స్ట్ టు కాలమ్స్‌లో డీఎమ్‌వై ఎంచుకుని సరిచేయొచ్చు. మే 7గా మారినవి మాత్రం ఈ పరీక్షకు దొరకవు. నెల పేరు కనిపించేలా ఫార్మాట్ మార్చి, ఒరిజినల్‌తో పోల్చి చూడాల్సిందే.

తర్వాతది ఖాళీ సెల్. కొత్తగా దిగినవాడికి క్యూఐడీ ఇంకా రాలేదు, గడువు కాలమ్ ఖాళీ. "అయిపోయినవి" అని అడిగినా, "అయిపోబోయేవి" అని అడిగినా వాడు రాడు. 2015 నాటి 21వ చట్టం ప్రకారం రెసిడెన్సీ తీయించడం, గడువు దాటిన 90 రోజుల్లోపు రెన్యూవల్ చేయించడం కంపెనీ పని. రిపోర్ట్‌లో లేని పేరు ఆ పేపర్లు చూసే మందూబ్ (పీఆర్ఓ) చేతికి చేరదు. ఖాళీల కోసం "" షరతుతో విడిగా ఒక లైన్ పెట్టండి. "<>లెఫ్ట్" అని రాస్తే మాత్రం స్టేటస్ ఖాళీగా ఉన్నవాళ్లు కూడా లెక్కలోకి వచ్చేస్తారు. రెండు వైపులా పొరపాటే.

"యాక్టివ్ లేదా వెకేషన్" కావాలంటే రెండింటినీ ఒకే ఫార్ములాలో ఇరికించకండి, సున్నా వస్తుంది. ఒక మనిషి ఒకేసారి రెండూ కాడు. రెండు కౌంట్‌ఇఫ్స్ రాసి కూడండి. కాలమ్స్ వేరైతే కూడికలో ఇంకో మెలిక ఉంది. క్యూఐడీ అయిపోయేవాళ్లు 18, పాస్‌పోర్ట్ అయిపోయేవాళ్లు 11, రెండూ అయిపోయేవాళ్లు 4 అనుకోండి. మొత్తం 29 కాదు, 25.

ఇక ఎండాకాలం లెక్క. ఇది తప్పితే మాట పడేది మీరే. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 మధ్య ఎండలో పని ఉండకూడదు. టైమ్‌షీట్‌లో ఎన్ని ఎంట్రీలు ఆ సమయంలోకి వచ్చాయో తీయమంటారు. చాలామంది మొదలు 10 తర్వాత, ముగింపు 3:30 లోపు అని రాస్తారు. 9కి ఎక్కి 11కి దిగినవాడు అందులో పడడు, 3కి ఎక్కినవాడూ పడడు. రాయాల్సింది తిరగేసి: మొదలు 3:30 కంటే ముందు, ముగింపు 10 తర్వాత, పక్కన "అవుట్‌డోర్". ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా ఒకే రోగా కొట్టి, మధ్యలో రెస్ట్ ఇచ్చామని నోటితో చెబితే ఫార్ములాకు తెలియదు. రెండు పంచ్‌లు రెండు రోలుగా ఉండాలి. పంచింగ్ మెషిన్ తేదీ, టైమ్ కలిపి ఒకే సెల్‌లో ఇస్తే ముందు విడదీయండి, లేకపోతే టైమ్ షరతు పనిచేయదు.

పైన ఎంట్రీలు అన్నాను, మనుషులు అనలేదు. కౌంట్‌ఇఫ్స్ లెక్కపెట్టేది రోలనే. "ఓవర్‌టైమ్ 2 గంటలు దాటినవి 140" అంటే 140 మంది కాదు. మిసయీద్ నుంచి రాస్ లఫాన్‌కు మారినవాడికి రెండు రోలు ఉండొచ్చు. పక్క కాలమ్‌లో క్యూఐడీ నంబర్ మీద కౌంట్‌ఇఫ్ వేసి, 1 దాటినవి చూడండి. క్యూఐడీ 11 అంకెలే కాబట్టి ఇబ్బంది లేదు. 16 అంకెల కార్డు నంబర్లతో ఈ పని చేయకండి. ఎక్సెల్ 15 అంకెల వరకే పట్టించుకుంటుంది, చివరి అంకె వేరైన రెండు కార్డులను ఒకటే అంటుంది.

పంపే ముందు ఇంకో పని. టుడే ఉన్న ఫార్ములా రేపు తెరిస్తే రేపటి అంకె చూపిస్తుంది. మీరు 12 అని చెప్పింది మేనేజర్ స్క్రీన్ మీద 14 అవుతుంది, అప్పుడు మీ దగ్గర రుజువు ఉండదు. పై సెల్‌లో తేదీ చేత్తో కొట్టి, ఫార్ములాలో టుడే బదులు ఆ సెల్‌నే వాడండి. వేరే ఫైల్ నుంచి లాగుతున్న లెక్కయితే, ఆ ఫైల్ మూసి ఉన్నప్పుడు వాల్యూ ఎర్రర్ వస్తుంది కాబట్టి అంకెల్ని పేస్ట్ వాల్యూస్ చేసిన కాపీయే మెయిల్‌లో పెట్టండి, ఫార్ములాలున్న ఒరిజినల్ మీ దగ్గర ఉంచుకోండి.