కొత్తవారికి వెబ్ పాఠం: తొలి తరగతి

వెబ్ డెవలపర్ల బృందం కొత్తవారికి శిక్షణ పెట్టినప్పుడు తొలి తరగతి మొత్తం సాఫ్ట్‌వేర్లు ఎక్కించడంతోనే గడిచిపోకూడదు. తన చేత్తో ఏమీ చేయకుండా ఇంటికి వెళ్లిన విద్యార్థి 'ఇది నాకు రాదు' అనుకుంటే మళ్లీ రాడు.

తొలి రోజుకు నోట్‌ప్యాడ్, బ్రౌజర్ చాలు. ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. రాసిన ఫైలు పేరు చివర డాట్ హెచ్‌టీఎంఎల్ అని చేర్చి, బ్రౌజర్‌లో తెరిస్తే అదే వెబ్ పేజీ. శీర్షిక, పేరా, జాబితా - ఈ మూడు ట్యాగులు నేర్పితే చాలు.

అభ్యాసంగా ప్రతి ఒక్కరూ తమ గురించి తెలుగులో ఒక పేరా, ఉర్దూలో ఒక పేరా రాయాలి. అక్షరాలు సరిగా కనిపించడానికి ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి, పేజీలోనూ ఆ మాట తెలపాలి. ఉర్దూ పేరాకు 'డిఐఆర్' దగ్గర 'ఆర్‌టీఎల్' అని ఇవ్వాలి. లేకుంటే అది ఎడమ అంచుకే అతుక్కుంటుంది.

కంప్యూటర్‌కు ఇద్దరిని కూర్చోబెడితే పావుగంటకోసారి చోటు మార్చాలి. లేకుంటే ఒకరు చేస్తారు, ఇంకొకరు చూస్తారు. ఆ చూసేది తరచుగా ఆడపిల్లే. సహాయకులు నోటితో చెప్పాలే గాని కీబోర్డు ముట్టుకోకూడదు.

1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్‌ను అందరూ రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. మనకు ఉచితంగా అందిన ఈ విద్యను పదిమందికి ఉచితంగా నేర్పడమూ సదఖాయే.