బిష్కెక్‌లో బిడ్డ చదువుతుంటే

పలమనేరు దగ్గర బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలచేత సోవియట్ యూనియన్ మ్యాపు గీయించిన రోజుల్లో ఆ ఊరి పేరు ఫ్రూంజె. 1991 నుంచి బిష్కెక్. ఆ ఊళ్లో నా మనవరాలు డాక్టరు చదువు చదువుతుందని అప్పట్లో ఎవరైనా చెప్పుంటే నమ్మేవాణ్ణి కాదు. మన తెలుగు పిల్లలు కిర్గిజ్‌స్తాన్‌కు వైద్యం చదవడానికి వెళ్లడం ఇప్పుడు కొత్త కాదు. వాళ్లను చూసి రావాలనుకునే పెద్దల కోసం, రెండుసార్లు వెళ్లొచ్చిన అనుభవంతో ఇవి రాస్తున్నాను.

1. బిడ్డకు పాస్‌పోర్టు చేయించిన రోజే మీరూ చేయించుకోండి. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. పిల్లలెవరూ బయటికి రావద్దని మన ఎంబసీ చెప్పింది. మనవరాలు తలుపుకు మంచం అడ్డం పెట్టుకుని, లైటు ఆర్పేసి, ఫోన్లో గుసగుసగా మాట్లాడింది. ఆ రాత్రి మా ఇంట్లో ఒక్కరికీ పాస్‌పోర్టు లేదు. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉండి కూడా లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు. ఎంబసీ నంబరు మీ ఫోన్లోనే కాదు, గోడ మీద క్యాలెండరులో కూడా రాసి పెట్టుకోండి.

2. చవక టికెట్టు చూసి ఆశపడొద్దు. ఆల్మటీకి టికెట్టు తక్కువ, అక్కడి నుంచి కారులో పోవచ్చు అని ఒక ఏజెంటు మాకు చెప్పాడు. ఆల్మటీ కజకిస్తాన్‌లోది, వేరే దేశం. మధ్యలో సరిహద్దు, రెండొందల కిలోమీటర్లకు పైగా రోడ్డు. ఈ-వీసాతో ఏ చెక్‌పోస్టు గుండా రానిస్తారో చూసుకోకుండా ఆ దారి పట్టకూడదు. తిరుపతి నుంచి సంపర్క్ క్రాంతి ఎక్కి ఢిల్లీ చేరి, అక్కడ ఒక రోజు ఒళ్లు తేలికపడనిచ్చి విమానం ఎక్కాం. ఢిల్లీ నుంచి నేరుగా పోతే నాలుగు గంటలు కూడా పట్టదు. గడియారం అరగంటే ముందుకు తిప్పుకోవాలి.

3. ఒంట్లో ఓపికుంటే చలికాలంలోనే వెళ్లండి. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ మాటలోనే ఉంది. మొదటిసారి సెప్టెంబరులో వెళ్లాం. వీధుల పొడుగునా చెట్లు, దక్షిణాన మంచు కొండలు, అలా-తో చౌకులో ఆడుకునే పిల్లలు. ఇంత చక్కటి ఊళ్లో బిడ్డకు ఏం కష్టమని నిశ్చింతగా తిరిగొచ్చాం. రెండోసారి జనవరిలో వెళ్తే ఊరే మారిపోయింది. సున్నాకు పదిహేను డిగ్రీలు కింద. ఊళ్లో ఇళ్లకు బొగ్గు పొయ్యిలు ఎక్కువ. మధ్యాహ్నానికి కూడా ఆ పొగ విడవదు, గొంతులో గరగరమంటుంది. తిరుమల కొండ మీద డిసెంబరు చలి తెలుసు కదా అనుకున్నాను. ఇది ఆ జాతి చలి కాదు.

హాస్టలు గదిలో కిటికీ కింద ఇనుప గొట్టాల్లో వేడినీళ్లు పారుతుంటాయి, ఊరి పవర్ ప్లాంటు నుంచి వచ్చేవి. వాటి మీద వరసగా తడి మేజోళ్లు, వాటి పక్కనే మూత పెట్టిన అన్నం గిన్నె. ఆ గొట్టానికి వీపు ఆనించి మనవరాలు అనాటమీ పుస్తకం చదువుకుంటోంది. సెప్టెంబరులో వెళ్లినప్పుడు ఈ పిల్లను నేను చూడనేలేదు. వెళ్లిన మర్నాడే మంచుకు జారని అడుగున్న బూట్లు కొనిచ్చాను. అప్పటిదాకా మన ఊళ్లో కొన్న స్పోర్ట్స్ షూలతోనే క్లాసుకు పోతోందట.

4. డాలర్లు కొత్త నోట్లే తీసుకోండి, మడత పెట్టొద్దు. నేను పంచె మడతలో దోపిన నోటును అక్కడి మార్పిడి కౌంటరులో తీసుకోలేదు.

5. వరసలు నేర్చుకోండి. మనం అన్నా, అక్కా అన్నట్టే వాళ్లు పెద్దవాళ్లను ‘బైకే’, ‘ఎజె’ అంటారు. ‘రహ్మత్’ అంటే కృతజ్ఞతలు. ఓష్ బజారులో గుండ్రటి రొట్టె కొని బల్ల మీద బోర్లా పెట్టాను. అమ్మే పెద్దావిడ ఏమీ అనకుండా దాన్ని తిప్పి వెల్లకిలా పెట్టింది. వాళ్లు రొట్టెను బోర్లా పెట్టరు. మనం అన్నం తొక్కం కదా, అలాంటిదే. మే నెలలో ఆ రాత్రి సంగతి విన్న తర్వాత ఈ ఊరి జనమంటే నాలో ఏదో కోపం ఉండేది. ఆవిడ చెయ్యి చూశాక అది పోయింది.

6. ఆస్పత్రికి కూడా తీసుకుపొమ్మని బిడ్డను అడగండి, బయటినుంచే చూసినా సరే. పాఠం ఇంగ్లీషులో జరుగుతుంది, రోగి మాట్లాడేది కిర్గిజ్‌లో, రష్యన్‌లో. ఆ భాషలు రాకపోతే రోగి ఏం బాధ చెబుతున్నాడో తెలియదు. మన జాతీయ వైద్య మండలి 2021 నవంబరు నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష రాయాలి. మార్కులు ఎన్నొచ్చాయని అడిగే ముందు రష్యన్ ఎంతవరకు వచ్చిందని అడగండి.

7. వారం తగ్గకుండా ఉండండి. మొదటి మూడు రోజులు పిల్లలు మనకు ఊరు చూపిస్తారు. తమ మనసులో మాట నాలుగో రోజున గాని చెప్పరు.

8. బట్టలు తగ్గించుకుని తిండి పెట్టుకోండి. ఊరగాయ నూనె కారుతుంది, పొడులు మేలు. రాగిపిండి, చెనక్కాయల పొడి, చింతపండు. చెనక్కాయల పొడి మాత్రం అనుకున్నదానికి రెట్టింపు పెట్టండి. ఆ గదిలో మీ బిడ్డతో పాటు ఇంకో ముగ్గురు పిల్లలుంటారు, వాళ్ల ఇళ్ల నుంచి ఎవరూ వచ్చి ఉండరు.